ప్రసాద పుష్పము – గృహస్థుని కర్తవ్యము

తిరుమల క్షేత్రమునకు శ్రీవైష్ణవ సంప్రదాయమున పుష్పమండపమని ప్రసిద్ధి. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి అనంతాళ్వారు కొండపై పూదోట పెంచి, స్వామికి పుష్పకైంకర్యము గావించిన వృత్తాంతము భక్తులెల్లరు ఎరిగినదే. ఆ కొండపై పూచిన పూవు శ్రీవారికే గాని మానవుల సిగలకు గాదు. అచటి నిర్మాల్యమును భక్తులకు పంచక పూలబావిలో విడుచుట తరతరముల ఆచారము.

ఇతర ఆలయములు అనేకములందు స్వామికి అలంకరించిన పూమాలను అర్చకులు ప్రసాదముగా అనుగ్రహింతురు. యాత్రకు రాలేక మంచము పట్టిన తల్లికొరకు కుమారుడు ఆ మాలను భద్రముగా తెచ్చును. కాని ప్లాస్టిక్ సంచిలో బిగించి తెచ్చిన తడిపూవు ఇల్లు చేరునప్పటికి కుళ్లిపోవును. కన్నుల కద్దుకొనవలసిన ప్రసాదము మురుగుకాలువ పాలగును. ఇందు భక్తి లోపము లేదు, జాగ్రత్త లోపించినది.

శ్రీమద్భాగవత ఏకాదశ స్కంధమున ఉద్ధవుడు, స్వామి ధరించి విడిచిన మాలలను, గంధమును ధరించు దాసులు మాయను జయింతురని విన్నవించెను. భగవంతుని తాకిన పూవునకు అంతటి మహిమ గలదు. అట్టి పూవును కాపాడుటయు కైంకర్యమే.

పూవునందు అధికభాగము నీరే. ఆ తేమ తొలగినచో కుళ్లు పట్టదు. ఆలయమునుండి తెచ్చునప్పుడు నూలుగుడ్డలోగాని కాగితములోగాని వదులుగా చుట్టవలెను. ఇల్లు చేరిన వెంటనే దారమును, జరీ తీగను తొలగించి, గులాబి రేకులను, చామంతులను గాలి తగులు నీడలో శుభ్రమైన గుడ్డపై పలుచగా పరచవలెను. ఎండలో ఆరబెట్టినచో రంగు వెలిసిపోవును. దినమున కొకమారు తిరగవేయుచుండవలెను. తాకినపుడు గలగలమనినచో ఆరినట్లే. వానకాలమున మరికొన్ని దినములు పట్టును. మల్లెలు ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినను గోధుమవన్నెకు మారును. అది వాటి స్వభావము.

పూవు ఆకృతి చెడకుండవలెనన్నచో, జల్లించి బాగుగా ఎండబెట్టిన సన్నని ఇసుకలో మెల్లగా కప్పి, రెండుమూడు వారములు కదలింపక ఉంచవలెను. పచ్చిపూవును పారాయణ గ్రంథముల నడుమ పెట్టుట పలువురికి అలవాటు. తేమవలన పుటలు మరకలు పడును గనుక, దానిని తెల్లకాగితముల నడుమ ఉంచి, పైన బరువు పెట్టి, కాగితములను మార్చుచుండుట మేలు. పూర్తిగా ఆరిన పూలను మూత బిగువుగా నుండు గాజుసీసాలో, వెలుగు సోకనిచోట భద్రపరచవలెను.

ఇచట ఒక వివేకము అవసరము. ఒకమారు సమర్పించిన పూవు, వాడిన పూవు తిరిగి అర్చనకు పనికిరావు. తులసి మాత్రము వాడినను, ఎండినను పూజార్హమని పెద్దల నిర్ణయము. కావున ఆరబెట్టిన పూవు స్మరణకొరకే గాని పూజకొరకు గాదు. పూలపై పురుగుమందులు చల్లియుండవచ్చును గనుక, ప్రసాదమన్న భావముతో వాటిని నోట వేసికొనరాదు, పసిబిడ్డలకు అందనీయరాదు.

తెచ్చిన పూలన్నిటిని దాచుటయు తగదు. ఒకటి రెండు నిలుపుకొని, మిగిలినవానిని కాళ్లు తగులనిచోట చెట్టు మొదట మట్టిలో కలుపవలెను. చెరువులలో పోసినచో అవి కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. చేపలకు హాని కలుగును. తిరుమల తిరుపతి దేవస్థానము వారు 2021వ సంవత్సరమున ఆలయములందు వినియోగించిన పూలతో అగరుబత్తుల తయారీని ప్రారంభించిరి. స్వామిసేవలో వాడిన పూవు పరిమళమై మరల సేవకు వచ్చుట ఎంత ముచ్చటైన విషయము!

మంచమునందున్న ఆ తల్లి అరచేతిలో కుమారుడు ఎండిన చామంతి నుంచినపుడు ఆమె దాని రంగును చూడదు, పరిమళమును వెదకదు. ఇది నా స్వామి మెడలో ఉన్నదన్న తలంపు చాలును. ఆమెకు అదియే దర్శనము. పూవు తనకొరకు పూయలేదు. స్వామికొరకు పూచి, స్వామి మెడలో వాడి, దాసుని చేతిలో నిలిచినది. శేషత్వమనగా ఇదియే. దేహము వాడిపోవు కాలము ప్రతి జీవునకు రాక తప్పదు. అంతకు ముందే ఆ దేహము శ్రీపతి కైంకర్యమున వినియోగపడినచో, వాడుటయు ధన్యమే యగును.