జీను క్రింది పుండు



ఏలూరులో జట్కా ఎక్కిన పెద్దలు మన పెదపాడులో ఇంకా ఉన్నారు. జీనులోని మెత్త ఒక ప్రక్కకు అణగిపోతే బరువంతా ఒకచోటే పడుతుంది. అక్కడ పుండు లేస్తుంది, మానినా వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. గుఱ్ఱము కాలు విదిలిస్తే పొగరని కొరడా తీస్తాము. బిలాము కూడా గాడిదను మూడుమార్లు కొట్టాడు (సంఖ్యా. 22). దానికి కనిపించిన దేవదూత అతనికి కనిపించలేదు. దేవదూత మందలించింది గాడిదను కాదు, బిలామునే!

మీ ఇంట విసుక్కొనే కోడలిని తిట్టేముందు జీను ఎత్తి చూచారా? పైతోలుకు నూనె రాస్తే చాలదు. కుట్టు విప్పి, గడ్డకట్టిన మెత్తను విడదీసి, వెన్నెముకపై ఆనకుండా ఇరుప్రక్కలా సమంగా నింపాలి. సరిపోయిందో లేదో గుఱ్ఱము వీపే చెప్పాలి. పుండు మానేవరకు జీను వేయరాదు. పని ఆగుతుంది గదా అంటారు. ఆగనివ్వండి. ఈ ఆదివారం పూజనుండి వచ్చాక వంట అత్తగారే చేయవచ్చు, కొడుకు నీళ్ళు మోయవచ్చు.