మోకాళ్ళు నొప్పి పెడుతుంటే కొండ ఎక్కడం మానేయాలా?

 

పోయిన వీడియోలో అలిపిరి నడకదారి గురించి చెప్పుకున్నాం కదా. అది చూశాక కొందరు ఒకే మాట అడిగారు. "కొండ ఎక్కాలని మెట్ల ప్రాక్టీసు మొదలుపెట్టాం. వారం తిరక్కుండానే మోకాళ్ళు పట్టేశాయి. ఇప్పుడు ఆపేస్తే మొక్కు తప్పినట్టేనా?" అని. ఈ ప్రశ్నకి నేను పుస్తకం చూసి జవాబు చెప్పక్కర్లేదు. నా మోకాళ్ళే చెప్తాయి.

రెండేళ్ళ క్రితం మా నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది. ఆ రోజు హాస్పిటల్ కారిడార్‌లో కూర్చుని మొక్కుకున్నాను, "స్వామీ, నాన్న లేచి తిరిగితే అలిపిరి నుంచి నడిచి నీ కొండకి వస్తాను" అని. స్వామి దయ వల్ల నాన్న ఇంటికి వచ్చేశారు. ఇక నా వంతు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకి పది గంటలు కుర్చీలోనే. అలిపిరి దారిలో మెట్లు 3550, దూరం సుమారు 9 కిలోమీటర్లు. మా అపార్ట్‌మెంట్ పది అంతస్తులు, అంటే దాదాపు 200 మెట్లు. ఇంజనీరు బుర్ర కదా, లెక్క వేసేశాను. రోజుకి ఐదుసార్లు ఎక్కితే 1000 మెట్లు, నెల తిరిగేసరికి తయారైపోతాం అని. మొదటి రోజు నుంచే 1000 ఎక్కాను, 1000 దిగాను.

ఆరో రోజు దిగుతుంటే మోకాలిచిప్ప చుట్టూ సన్నగా నొప్పి. ఎనిమిదో రోజుకి కుర్చీలోంచి లేవాలన్నా బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. అయినా ఆపలేదు. ఎందుకంటే నొప్పిలో నాకు ఏదో గొప్ప కనిపించింది. "ఇది తపస్సు, స్వామి పరీక్ష పెడుతున్నాడు" అనుకున్నాను. ఇంట్లో తెలియకుండా కుంటుకుంటూ తిరిగాను.

నాన్న దగ్గర ఎంతకని దాస్తాం? ఒకరోజు సాయంత్రం ఆయన నడక ముగించుకుని వచ్చి, సోఫాలో నా పక్కన కూర్చున్నారు.

"ఏరా, కాలు ఈడుస్తున్నావేంటి?"

చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "ఆపరేషన్ అయ్యాక డాక్టరు గారు నన్ను మొదట ఐదు నిమిషాలే నడవమన్నారు. ఇంకా నడవగలను అనిపించినా ఐదే నడిచాను. తర్వాత పది. నీకు వెయ్యి మెట్లని ఎవరు చెప్పార్రా? స్వామి చెప్పాడా?"

నా దగ్గర జవాబు లేదండి. నాన్న బాగుండాలని మొక్కుకున్నవాణ్ణి, ఆయనకి కొత్త బెంగ తెచ్చిపెట్టాను.

ఆ రాత్రి భగవద్గీత తీశాను. పదిహేడో అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ తపస్సు గురించి చెప్తూ ఒక హెచ్చరిక చేస్తాడు. దాని భావం ఏంటంటే, శాస్త్రం చెప్పని ఘోర తపస్సుని అహంకారంతో, పట్టుదలకి పోయి చేసేవాళ్ళు తమ శరీరాన్నే కాదు, ఆ శరీరంలో ఉన్న తననీ బాధపెడుతున్నారని. ఇది చదివి పుస్తకం మూసేశాను. నేను దేవుడి కోసం అనుకుని, నా లోపల ఉన్న దేవుణ్ణే నొప్పిస్తున్నానన్నమాట!

మరి ఆరో అధ్యాయంలో? తిండిలోగానీ, నిద్రలోగానీ, చేసే పనిలోగానీ మితం ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని చెప్తాడు. మనసు నిలవట్లేదని అర్జునుడు మొరపెట్టుకుంటే, అభ్యాసం, వైరాగ్యం అని దారి చూపిస్తాడు. అభ్యాసం అంటే ఒక్కరోజులో చేసే వెయ్యి కాదు. కొంచెమే అయినా విడవకుండా చేయడం.

మర్నాడు ఫిజియోథెరపిస్ట్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పరీక్ష చేసి చెప్పింది మీకూ పనికొస్తుంది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినప్పుడు ఆయాసం త్వరగా తగ్గుతుంది, కండ కూడా కొన్ని వారాల్లో బలపడుతుంది. కానీ కీలు చుట్టూ ఉండే స్నాయువులు, మృదులాస్థి అంత తొందరగా అలవాటు పడవు. "ఇంకా చేయగలను" అని ఊపిరి చెప్తుంటే, "నాకు టైమ్ ఇవ్వు" అని మోకాలు అడుగుతుంటుంది. పైగా మెట్లు దిగేటప్పుడు మోకాలిచిప్ప మీద ఒత్తిడి బాగా ఎక్కువ. తొడ కండరాలు, తుంటి కండరాలు బలంగా లేకపోతే ఆ భారమంతా దాని మీదే పడుతుంది.

అప్పటి నుంచి నేను చేసింది ఇది.

నొప్పి బాగా తగ్గేవరకు మెట్లు ఆపి, చదునుగా ఉన్న చోట నడిచాను. రోజూ పడుకుని కాలు తిన్నగా పైకెత్తడం, పక్కకి తిరిగి కాలు ఎత్తడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఒక్కోటి పదేసి సార్లు. తర్వాత రోజు విడిచి రోజు 200 మెట్లు ఎక్కడం, దిగేటప్పుడు లిఫ్ట్. వారం బాగా గడిస్తేనే ఇంకో 100 కలపడం.

ఒక కొలత కూడా పెట్టుకున్నాను. చేసేటప్పుడు కొద్దిగా అనిపించి, మర్నాడు పొద్దున్నకి పోతే పర్లేదు. పొద్దున్న కూడా ఉంటే, ఆ తర్వాతి సారి తగ్గించాలి.

కానీ మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, ఉన్నట్టుండి జారిపోతున్నట్టు అనిపించినా, బరువు మోపలేకపోయినా, వేడిగా ఎర్రబడి జ్వరం వచ్చినా ఆగొద్దు, డాక్టరుకి చూపించుకోండి. అక్కడ వ్యాయామంతో సరిపెట్టకూడదు.

ఇలా ఆరు నెలలు పట్టింది. అలిపిరిలో బయల్దేరినప్పుడు తలయేరు గుండు దగ్గర అందరిలాగే తల, మోకాళ్ళు ఆనించి దణ్ణం పెట్టుకున్నాను. ఆ బండని తాకితే నొప్పులు ఉండవని పెద్దల నమ్మకం. గాలిగోపురం దగ్గర బాగా సేపు కూర్చున్నాను. చివర్లో వచ్చేది మోకాళ్ళ పర్వతం. ఈ కొండ సాక్షాత్తు ఆదిశేషుడి రూపమని, దాన్ని పాదాలతో తాకకూడదని భగవద్రామానుజులవారు మోకాళ్ళ మీద ఎక్కారని సంప్రదాయం చెప్తుంది.

అక్కడ నిలబడ్డప్పుడు ఒకటి అర్థమైందండి. రామానుజులవారు మోకాళ్ళు ఆనించింది వినయంతో. ఆయన చూపు కొండ మీద ఉంది. మొదటి వారం నా చూపు నా నొప్పి మీద, నా లెక్క మీద ఉంది. ఆయనకి ఆ కొండ స్వామి, నాకు అది టార్గెట్. ఇప్పుడు ఒక్కో మెట్టుకి ఒక్క గోవింద నామం అనుకుంటూ మెల్లగా ఎక్కాను. నన్ను చాలామంది దాటుకుని వెళ్ళిపోయారు. ఈసారి బాధనిపించలేదు.

నాన్న బస్సులో వచ్చి పైన ఎదురుచూస్తున్నారు. గుండె జబ్బు, ఆస్తమా, బీపీ ఉన్నవాళ్ళు నడవొద్దని టీటీడీ వాళ్ళే చెప్తుంటారు, ఆయన ఆ మాట విన్నారు. నన్ను చూడగానే మొదట అడిగింది "దర్శనం టోకెన్ ఉందా" అని కాదు, "మోకాలు ఎలా ఉందిరా?" అని. కన్నతండ్రే ఇలా అడిగితే, జగత్తుకి తండ్రి అయిన ఆ స్వామి మన నొప్పి కోరుకుంటాడా చెప్పండి?

అందుకే, మొక్కుకున్నవాళ్ళు దిగులు పడకండి. మెట్లు తగ్గించుకుంటే మొక్కు తప్పినట్టు కాదు, ఆలస్యమైతే స్వామి అలగడు. ఈ రోజు పది మెట్లే కుదిరితే పదే ఎక్కండి, పది నామాలు చెప్పుకోండి. డాక్టరు అసలు ఎక్కొద్దంటే బస్సులో వెళ్ళి దణ్ణం పెట్టుకోండి. కొండ ఎక్కడికీ పోదు. స్వామి అక్కడే నిలబడి ఉంటాడు.

ఏడుకొండలవాడా వేంకటరమణా, గోవిందా గోవింద!