వదంతికి బాధ్యు లెవరు?

వార్తాపత్రిక కడపటి పుట యడుగున మిక్కిలి చిన్న యక్షరములతో నొక పంక్తి యుండును. ఈ పత్రిక ఫలానాచోట ఫలానావారిచే ముద్రింపఁబడి ప్రకటింపఁబడినదనియు, సంపాదకులు ఫలానావారనియు నందుండును. దానిని శ్రద్ధతోఁ జదువు పాఠకుని మేమింతవఱకుఁ జూడలేదు. అయినను పత్రికలోని వ్రాఁతలన్నిటికంటెను ఆ పంక్తికే నీతిబల మెక్కువ యని మా యభిప్రాయము. అది 1867వ సంవత్సరపు చట్టముచే నేర్పడిన కట్టడి. ఆ చట్టము స్థానమున 2023లో క్రొత్త చట్టము చేయఁబడినది. పరాయి ప్రభుత్వము తన క్షేమముకొఱకే దానిని విధించెననుట నిజమే. కాని దానివలన నొక మేలు కలిగినది. అబద్ధము వ్రాసినచో నిలఁదీయుటకు ఒక పేరును, ఒక వాకిలియు దొరకెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, అందు లంచగొండులను దుయ్యఁబట్టినప్పుడు, కోపము వచ్చినవారికి పంతులుగారి యిల్లెక్కడనో తెలిసియే యుండెను.

నేఁడు చేతిఫోను కలిగిన ప్రతివాఁడును ప్రకటనకర్తయే. తెల్లవాఱునప్పటికి నూఱుమందికి, వారి ద్వారా వేలమందికి మాట చేర్పఁగలఁడు. ఆ చిన్న పంక్తి మాత్రము లేదు. ఏదైనఁ బ్రమాదము జరిగినప్పుడు, “నేను వ్రాయలేదు, నాకు వచ్చినదానినే పంపితిని” అను సమాధానము తఱచుగా వినవచ్చుచున్నది. విన్నమాట నందించినవాఁడు దాని ఫలమునకు బాధ్యుఁడా, కాఁడా? దీనిని వినోదమునకై యడుగుట లేదు. ఈ ప్రశ్న వెనుక మనుష్యుల ప్రాణములున్నవి.

2018వ సంవత్సరమున, బిడ్డల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను వదంతి వాట్సాప్ ద్వారా మన దేశమున ననేక రాష్ట్రములలో వ్యాపించెను. ఏ భాషలోనికిఁ బోయిన నా భాష మాటలాడెను. ఏ జిల్లాకుఁ బోయిన నా జిల్లా పేరు పెట్టుకొనెను. తెలుఁగునాటఁగూడ నిరపరాధులు దీనికి బలియైరి. మహారాష్ట్రమున ధూళే జిల్లాలోని రైన్‌పాడా గ్రామమున, జులై 1వ తేదీ యాదివారము, సంతకు జనము చేరియుండఁగా, గోసావి తెగకుఁ జెందిన యైదుగురు సంచారభిక్షకులను బిడ్డలదొంగలని పట్టుకొని, పంచాయతీ కార్యాలయపు గదిలోఁ బెట్టి, కొట్టి చంపిరి. వారు షోలాపూరు జిల్లానుండి యాచనకై వచ్చినవారు. మన గంగిరెద్దులవారును, బుడబుక్కలవారును ఎట్టివారో వారును అట్టివారే. ఊరూరఁ దిరుగుటయే వారి జీవనము. ఎఱుగని మొగము గుమ్మములో నిలిచినప్పుడు చేటలో బియ్యము తెచ్చుట మన యిండ్లలో నాచారము. ఆ మొగమును జూచినతోడనే కఱ్ఱ వెదకుకొను స్థితికి జనము వచ్చుటకుఁ గొన్ని వారములు చాలినవి!

ఆ వదంతితోఁ గూడ నొక చలనచిత్రపు ముక్కయు వ్యాపించెను. మోటారుసైకిలుపై వచ్చిన యిద్దఱు వీథిలో నాడుకొను బిడ్డను ఎత్తుకొనిపోవుట యందుఁ గనఁబడును. చూచినవారు కన్నులార చూచితిమనిరి. నిజమునకు అది కరాచీ నగరమున బిడ్డల రక్షణకై తీసిన ప్రచారచిత్రము. అసలు చిత్రములో నాయిద్దఱును మరలివచ్చి, బిడ్డను దింపి, బిడ్డ నపహరించుట కొక నిమిషము చాలునను హెచ్చరిక వ్రాసిన యట్టను చూపుదురు. ఆ కొసను ఎవఁడో కత్తిరించినాఁడు. బిడ్డల మేలుకొఱకుఁ బుట్టిన చిత్రము, కొస తెగుటతోనే, మనుష్యులను చంపు సాధనమైనది.

కొస కత్తిరించిన మాటయొక్క బలము మనకుఁ గ్రొత్తది కాదు. కురుక్షేత్రమున అశ్వత్థామ చచ్చెనని భీముఁడు కేకలువేసినప్పుడు ద్రోణుఁడు నమ్మలేదు. ధర్మరాజు నడిగెను. ధర్మరాజు పై మాటను బిగ్గరగాఁ బలికి, ఏనుఁగను మాటను వినఁబడకుండఁ బలికెను. అప్పుడు ద్రోణునకు గుండె జాఱెను. ఆ యుపాయము ధర్మరాజు పన్నినది కాదు. ఏనుఁగును చంపినవాఁడును అతఁడు కాఁడు. అతఁడు మాట నందించెను, అంతియే. కాని నేలకు నాలుగంగుళముల పైని నడచుచుండిన రథము ఎవరిది నేలకుఁ దాఁకినది? భీమునిది కాదు.

మా ప్రశ్నకు సమాధాన మిక్కడనే యున్నదని మాకుఁ దోఁచుచున్నది. ఊరుపేరు లేనివాని వ్రాఁత నెవ్వరును నమ్మరు. ఆ వ్రాఁతయే బావమఱఁది పంపినచో, చదువు చెప్పిన మాస్టరుగారు పంపినచో నమ్ముదురు. అందించువాఁడు మాటకుఁ గాళ్లు మాత్రమే యిచ్చుట లేదు. తన పరువు నిచ్చుచున్నాఁడు. తపాలాబంట్రోతు మూసిన కవరును విప్పక మోయును. కావున నందలి మాట కతఁడు బాధ్యుఁడు కాఁడు. వీఁడు విప్పి, చదివి, బెదరి, పదిమందిని బెదరించుటకై పంపుచున్నాఁడు. ఇట్టివానిని బంట్రోతుతోఁ బోల్చుట బంట్రోతునకు అవమానము.

“బిడ్డలగలవారము, నిజమైనచో నేమగునని భయపడి పంపితిమి. నిప్పులేనిదే పొగరాదు కదా!” అని తల్లులు చెప్పుదురు. ఈ మాటను మేము తేలికగాఁ ద్రోసివేయుట లేదు. బిడ్డకై తల్లి పడు భయముకంటె స్వచ్ఛమైనది లోకమున నరుదు. అయితే ఆ భయముననే యీ వదంతి తన వాహనముగాఁ జేసికొన్నది. దురాశాపరులకంటె మంచివారే దీనిని దూరముగా మోసినారు. సదుద్దేశము మనస్సునకు నెమ్మదినిచ్చునేమోకాని, రైన్‌పాడాలో చచ్చినవారి భార్యాబిడ్డల కదియేమి యిచ్చును? సామెత మాటకు వచ్చినచో, ఈ పొగకు నిప్పుండినది కరాచీలో. అదియు నటులు పెట్టిన నిప్పు.

ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశమున నొక సందేశమును ఒకేమాఱు అయిదింటికి మించి పంపవీలులేకుండఁ గట్టడి చేసినది. 2019 జనవరిలో దానిని లోకమంతటికిని విస్తరించినది. మంచిదే. కాని వ్రేలికి వేసిన సంకెల విచక్షణ కాఁజాలదు. ఇఁక ప్రభుత్వపు చాటింపు మాటయా? త్రిపురరాష్ట్రమున 2018 జూన్ 28వ తేదీని, వదంతి నమ్మవలదని మైకులోఁ జెప్పుటకై ప్రభుత్వశాఖవారు కుదుర్చుకొన్న మనుష్యునే దొంగయని జనము చంపిరి. భయము తలకెక్కిన పిదప నిజము చెప్పువాఁడును పరాయివాఁడే.

తెలంగాణమున జోగులాంబ గద్వాల జిల్లాలో నాఁటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు వేఱుదారి త్రొక్కిరి. ఒక్కొక్క గ్రామమునకు నొక కానిస్టేబులును నియమించి, అతఁడు ఊరివారితోఁ బరిచయముగా మెలఁగునట్లును, వారి వాట్సాప్ గుంపులలోఁ జేరియుండునట్లును చేసిరి. డప్పులతో, జానపదగీతములతో పల్లెలలోఁ బాడించిరి. చెప్పువాఁడు ఎఱిఁగిన మొగమువాఁడగుటచే జనము వినిరి. పరువుగలవాని నోట అబద్ధమెట్లు బలపడునో నిజమును అట్లే బలపడునని దీనివలనఁ దెలియుచున్నది.

పత్రికలలో నొక మంచి యాచారము కలదు. తప్పు పడినచో, ఎంత మూలనైనను, సవరణ ప్రకటింతురు. గృహస్థుల గుంపులలో నీ యాచారము కానరాదు. నిన్న పంపినది అబద్ధమని తేలినవాఁడు మెల్లగా ఊరకుండును. పెద్దవానిని తప్పుపట్టుట మర్యాద కాదని తక్కినవారును ఊరకుందురు. మఱునాఁ డుదయమున అందఱికిని శుభోదయపు పూలబొమ్మలు యథాప్రకారము వచ్చుచుండును.