లిఫ్టు మర్యాద

రైలెక్కే ముందు టైము చూసుకుంటాం. బస్సెక్కే ముందు బోర్డు చదువుకుంటాం. లిఫ్టెక్కి మాత్రం మనం చూసేది అద్దం. బొట్టు సరిగ్గా ఉందా, కుచ్చిళ్ళు చెదిరాయా అని సర్దుకునేలోగా మన అంతస్తు వచ్చేస్తుంది. వెనకటికి ఎక్కడో పెద్ద మేడలో లిఫ్టు ఆలస్యంగా వస్తోందని జనం సణుగుతుంటే, దాని వేగం పెంచే బదులు పక్కన నిలువుటద్దాలు బిగించారని, దాంతో సణుగుడు ఆగిపోయిందని ఒక కథ చెప్తారు. నిజమో కల్పనో గానీ, మనుషుల్ని బాగా ఎరిగినవాడెవడో చెప్పిన కథ అది. నాకు ఆశ్చర్యం వేసేది ఇంకొకటి. అద్దంలో చూసుకునే ఆ అరనిమిషం మన ప్రాణం ఎవరి చేతిలో ఉందన్న ఆలోచన ఒక్కరికీ రాదు.

ఆ ఆలోచన మా చిన్నమ్మకి వచ్చింది. ఆవిడ మా మొగుడంపల్లి దాటడం తక్కువ. జహీరాబాదు, మరీ అవసరమైతే బీదరు, అంతే. కిందటేడు కంటి ఆపరేషనుకని హైదరాబాదు వచ్చింది. మా ఇల్లు నాలుగో అంతస్తు. ఆవిడ లిఫ్టు గడప బయటే నిలబడిపోయి, "గిది తెగితే ఎట్ల బిడ్డా? దీన్ని గుంజెటోడు ఎవడు?" అంది.

"తెగదులెండి" అనేశారు మావారు. ఆ జవాబు ఆవిడకి రుచించలేదు. చిన్నప్పట్నించీ బావిలో నీళ్ళు తోడిన మనిషి. తెగని తాడు లేదని ఆవిడకి తెలుసు.

నిజానికి లిఫ్టుని ఈ రూపానికి తెచ్చినవాళ్ళు కూడా మా చిన్నమ్మ పద్ధతిలోనే ఆలోచించారు. బరువులు పైకి లాగే యంత్రాలు ఎప్పట్నించో ఉన్నాయి. ఎలీషా ఓటిస్ అనే ఆయన కనిపెట్టింది లిఫ్టుని కాదు, 'తెగితే ఎట్ల' అన్న ప్రశ్నకి జవాబుని. 1854లో న్యూయార్కులో జరిగిన ఒక ప్రదర్శనలో ఆయన ఎత్తైన బల్ల మీద నిలబడి, అందరూ చూస్తుండగా తాడు నరికించాడు. బల్ల కాస్త జారి, అక్కడే పట్టేసింది. 1857లో అదే ఊళ్ళో పింగాణీ, గాజు సామాను అమ్మే అయిదంతస్తుల దుకాణంలో జనాన్ని ఎక్కించే లిఫ్టు పెట్టారు. పింగాణీ కొట్టంటున్నారు గనక, తొలిరోజుల్లో ధైర్యం చేసి ఎక్కినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ ఉండి ఉంటారని నా ఊహ.

చిన్నమ్మకి గిలక లెక్కలో చెప్పాను. గిలకకి రెండు వైపులా రెండు చేదలు కట్టామనుకో, ఒకటి దిగుతుంటే రెండోది సగం శ్రమతో పైకొస్తుంది కదా. లిఫ్టుకీ అంతే. అవతలి వైపు ఇనప దిమ్మలు వేలాడుతుంటాయి. వాటి బరువు ఖాళీ లిఫ్టు బరువు మీద, లోపల ఎక్కే మనుషుల బరువులో ఇంచుమించు సగం కలిపి ఉంటుంది. మోటారు మొయ్యాల్సింది ఆ తేడానే. తాడూ ఒకటి కాదు, కొన్ని ఉంటాయి. అవన్నీ తెగినా సరే, లిఫ్టు ఉండాల్సిన వేగం మించగానే పైనున్న ఒక చక్రం అది కనిపెట్టి బిగుసుకుంటుంది. అది బిగుసుకుంటే లిఫ్టు అడుగున ఉన్న దవడలు పక్కనున్న పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి.

బ్రేకు సంగతి ఇంకా చిత్రం. కరెంటు పోయినప్పుడల్లా "పాడు లిఫ్టు, ఆగిపోయింది" అని విసుక్కుంటాం. మన సైకిలు బ్రేకు నొక్కితే పడుతుంది. లిఫ్టు బ్రేకు ఎప్పుడూ పడే ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే వదులుతుంది. అంటే కరెంటు పోగానే మనల్ని అక్కడే పట్టుకుంటుందన్నమాట. ఇక తలుపులు. అన్ని అంతస్తుల తలుపులూ మూసుకుంటే తప్ప లిఫ్టు కదలకూడదు. లిఫ్టు ఎదురుగా వచ్చి నిలబడితే తప్ప ఆ అంతస్తు తలుపు తెరుచుకోకూడదు. బరువెక్కువైతే కుయ్యోమంటుంది, కదలదు. తాడు తెగుతుంది, కరెంటు పోతుంది, మనిషి తొందరపడతాడు అని ముందే అనుకుని కట్టిన యంత్రం ఇది. తన మీద తనకి నమ్మకం లేకపోవడమే దాని సుగుణం.

ఇదంతా ప్రాణం సంగతి. న్యాయం సంగతి ఇంకొకటుంది. ఒకేసారి అయిదుగురు అయిదు అంతస్తుల్లో బటను నొక్కితే లిఫ్టు ముందు ఎవరి దగ్గరకి వెళ్ళాలి?

ముందు నొక్కినవాళ్ళకి ముందు అంటే ధర్మంగానే ఉంటుంది గానీ, పైకీ కిందికీ పరుగులు పెట్టి అందరికీ ఆలస్యం చేస్తుంది. దగ్గరున్న వాళ్ళకి ముందు అందామా? అప్పుడు మధ్య అంతస్తుల వాళ్ళు నొక్కుతూనే ఉంటారు, చిట్టచివరి ఇంటి ముసలమ్మ సాయంత్రం దాకా నిలబడే ఉంటుంది. అందుకని లిఫ్టుకి నేర్పిన నియమం ఏమిటంటే, పైకి బయల్దేరితే పైకి పోవలసిన వాళ్ళందర్నీ దారిలో ఎక్కించుకుంటూ ఆఖరి పిలుపు దాకా పోవాలి. ఆ తర్వాతే వెనక్కి తిరిగి, దిగేవాళ్ళ పని చూడాలి. కంప్యూటర్లు చేసేవాళ్ళు తమ లోపలి పనులు కొన్ని ఇదే వరసలో పెట్టుకుని, ఆ పద్ధతికి లిఫ్టు పేరే పెట్టుకున్నారు.

మనకిది కొత్తదేం కాదు. బంతిలో వడ్డన ఇదే. ఆవకాయ పట్టుకుని బయల్దేరిన మనిషి, ఎవరో కేకేశారని వెనక్కి పరిగెత్తకూడదు. చివరి విస్తరి దాకా వెళ్ళి తిరిగి రావాలి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఒకటే అని సామెత. లిఫ్టు ఎవరి మనిషీ కాదు, అయినా కడపంక్తికి అన్నం అందుతుంది. మన వంటిళ్ళలో ఈ మాత్రం న్యాయం జరగదు. కడపంక్తిలో కూర్చున్నది మనమే కాబట్టి ఎవరూ పట్టించుకోరు, ఆ మాట మరోసారి చెప్పుకుందాం.

ఇంత మర్యాద తెలిసిన యంత్రం పక్కన మా అపార్టుమెంటులో ఒక బోర్డు ఉంది. 'పనివారు మెట్లు వాడవలెను' అని. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ మూడు, నాలుగు, అయిదు అంతస్తుల్లో చేస్తుంది. మోకాళ్ళ నొప్పులు. ఒకరోజు ఆవిడ మెట్ల మలుపులో ఆగి ఆయాసం తీర్చుకుంటుంటే మా చిన్నమ్మ చూసి, "ఆమెను ఎక్కించుకోదా గిది?" అనడిగింది.

"అది ఎక్కించుకుంటుంది చిన్నమ్మా, మా వాళ్ళే ఎక్కనివ్వరు" అన్నాను.

"మనూరి బాయి తీర్గనే" అంది. ఆవిడ చిన్నతనంలో ఏ బావిలో ఎవరు చేద వెయ్యాలో, ఎవరు దూరంగా నిలబడి పోయించుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. గిలకకి ఎవరి చెయ్యయినా ఒకటే. దాని ముందు నిలబడ్డ మనుషులకే కాదు.

బోర్డు పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. పొద్దున ఎనిమిదింటికి పిల్లల స్కూళ్ళు, మగవాళ్ళ ఆఫీసులు, ఉన్నది ఒక్క లిఫ్టు, రద్దీ అంటారు. రద్దీ నిజమే. ఎనిమిదింటికి సిమెంటు బస్తాలు ఎక్కించొద్దంటే నేనూ చెయ్యెత్తుతాను. అది బస్తా గురించిన నియమం. పెద్ద ఆఫీసుల్లో ఎన్నో అంతస్తో బయటే నొక్కితే, ఫలానా లిఫ్టులో ఎక్కమని చెప్పే ఏర్పాటు కూడా వచ్చింది. రద్దీ తగ్గించే దారులు అలా వెతకాలి గానీ, మోకాళ్ళ నొప్పుల మనిషిని మెట్లెక్కిస్తే తగ్గే రద్దీ ఎంత?

2025 ఫిబ్రవరిలో హైదరాబాదు మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక అపార్టుమెంటులో ఆరేళ్ళ బాబు లిఫ్టుకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయాడు. గంటల తరబడి కష్టపడి బయటికి తీశారు, కానీ బతకలేదు. మార్చిలో సిరిసిల్లలో ఒక పోలీసు అధికారి, తలుపు తెరుచుకుంది కదా అని అడుగేస్తే లోపల లిఫ్టు లేదు. పేపర్లో అవి చదివిన వారం రోజులు మేమంతా పిల్లల చెయ్యి వదలకుండా ఎక్కాం. తర్వాత మళ్ళీ అద్దంలో బొట్టు చూసుకోవడం మొదలుపెట్టాం.

మా లిఫ్టుకి ఇంకా పాత జాలీ గేటే. దాన్ని మూసి ఉండే తలుపుగా మార్చాలనీ, కరెంటు పోతే బ్యాటరీతో దగ్గరి అంతస్తుకి చేర్చి తలుపు తెరిచే పరికరం పెట్టించాలనీ కిందటి నెల మీటింగులో మాటొచ్చింది. మొదటి అంతస్తు ఆయన, "మేం లిఫ్టే ఎక్కం, మేమెందుకివ్వాలి?" అన్నారు. లెక్క ప్రకారం ఆయన మాట తోసెయ్యలేం. కానీ గేటు సందులో చెయ్యి పెట్టే పిల్లవాడు ఏ అంతస్తువాడో ముందే తెలిసే ఉపాయం ఉందా? ఆయన మనవలు సెలవులకొస్తే రోజంతా ఆడేది ఆ లిఫ్టులోనే. ఆ మాట నేను కాదు, ఆయన భార్యే అన్నారు. ఆయన ఇంక మాట్లాడలేదు. తలుపు సంగతి తేలిపోయింది.

బోర్డు తీసెయ్యమని నేనడిగాను. నాతో పాటు చెయ్యెత్తినవాళ్ళు ముగ్గురు. వచ్చే నెల చూద్దామన్నారు సెక్రటరీగారు. చిన్నమ్మ అప్పటికే ఊరికెళ్ళిపోయింది. కన్ను బాగానే కనిపిస్తోందిట. పనావిడ ఇవాళ కూడా మెట్ల మీదే వచ్చింది.