బరువు నడుగని తీర్పు

పరీక్షకు నిలిచినవానిని లోకము వెంటనే తూచుచున్నది. అతడెంత బరువుతో నిలిచెనో విచారించువారు అరుదు. ఇందువలన గలుగు అన్యాయమును గూర్చి యొకింత ముచ్చటింప దలచితిమి.

కొత్తచెరువు మొదలుగాగల అనంతపురపు కరవుసీమలో ఎద్దులు చిరకాలము సేద్యగాని మూలధనమై యుండెను. రాయలసీమ తిరునాళ్లలో నేటికిని బండలాగుడు పందెములు జరుగుచున్నవి. నియమితకాలములో బండను ఎక్కువ దూరము లాగిన జతదే గెలుపు. పందెమునకు ముందు సాధనలో తేలిక బండను గట్టిన జత పరుగెత్తును. బరువు బండను గట్టిన జత మెల్లగా సాగును. ఆ పరుగును మాత్రమే చూచి, అప్పుచేసి మొదటి జతను గొన్నవాని గతి యేమి? ఎరిగిన రైతు ముందుగా బండ బరువెంత యని యడుగును. పిదప కడపటి నిమిషమున ఎద్దు కాలు తడబడెనా యని చూచును.

యంత్రముల పందెములందును ధర్మ మిదియే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు తీరమున ఫార్ములా ఈ విద్యుత్కారుల పందెము జరిగెను. ఆ కారులను 2022 డిసెంబరులో స్పెయినుదేశపు వాలెన్సియాలో పరీక్షించినపుడు అందరికంటె వేగముగా బోయినవాడు మసెరాటి జట్టువాడగు మాక్సిమిలియన్ గుంథర్. కాని జనవరి 14న మెక్సికో నగరమున తొలి పందెమును గెలిచినవాడు ఆండ్రెట్టి జట్టువాడగు జేక్ డెన్నిస్; ఆ యేటి విజేతయు నతడే. ఆ కారులకు అర్హతపరుగున 350 కిలోవాట్ల శక్తియు, పందెమున సాధారణముగా 300 కిలోవాట్లును అనుమతింపబడెను. ఏ శక్తితో, ఎంత పొదుపుతో నడిపిరో తెలియక గడియారమును మాత్రమే చదివినవాడు బండ బరువడుగని బేరగానివంటివాడు. గుంథర్ వేగము బూటకమును గాదు. జూన్ 4న జకార్తాలో అతడు గెలిచెను. తొందరపడినది చూచువారి తీర్పే.

మన్నిక విషయమున మరియొక సూక్ష్మము గలదు. పరీక్షలో చెడిన యంత్రము తన దోషమును తానే చెప్పును. చెడని యంత్రము, దోష మింకను బయటపడలేదని మాత్రమే చెప్పును. హైదరాబాదు పందెమునకు ముందునాటి అభ్యాసములో పోర్షే జట్టువాడగు పాస్కల్ వేర్లైన్ కారు వేగము తగ్గక గోడను ఢీకొనెను. వాలెన్సియా పరీక్ష దీనిని ముందుగా జెప్పలేకపోయెను. అయినను అతడు మరునాడు పందెమున నాలుగవ స్థానమును బొందెను.

ఎద్దుల విషయమున ఇంత జాగ్రత్త గల మనము బిడ్డల విషయమున ఏల మరతుము? తెల్లవారుజామున బిందెలతో నీరు మోసి, క్రోసుదూరము నడచి బడికి వచ్చిన బాలిక మార్కులను, ఏ బరువు నెరుగని బాలుని మార్కుల ప్రక్కనుంచి, ఆమెను మందమతి యనుచున్నాము. ఆమె లాగిన బండ మన కంట బడదు.

తీర్పు చెప్పవలదని మేమనము. తొలివాన చూచి విత్తువాడు తీర్పు చెప్పక తీరదు. బరువెంత యని ముందడిగి, పిదప వేగమును గూర్చి మాటలాడుదము.