మే నెల పాలు చూసి వాడుకలు పట్టు

అల్లుడూ,

ఉద్యోగం మానేసి నాలుగు ముర్రా గేదెలు కొన్నావని తెలిసినప్పుడు మీ నాన్నలా నేను తల పట్టుకోలేదు. గన్నవరంలో పాక, పక్కనే జాతీయ రహదారి, ఆ దారిన పోతే బెజవాడ అపార్ట్‌మెంట్లు. పాల వ్యాపారానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? నెలవాడుకలు పెట్టుకుంటే నెలనెలా ఇంత ఖాయం అని నువ్వు వేసిన లెక్క కూడా చూశాను. కూడికల్లో తప్పేం లేదు. కాకపోతే అది కార్తీకమాసంలో పాలు చూసి వేసిన లెక్క.

గేదె ఏడాది పొడుగునా ఒక్కలా ఇవ్వదురా. మన వైపు ఎక్కువ గేదెలు వానాకాలం నుంచి చలికాలం లోపు ఈనుతాయి, అందుకే చలి రోజుల్లో బిందెలు నిండుతాయి. ఎండలు ముదిరేసరికి పచ్చిగడ్డి కరువు, వేడికి మేత సహించదు, పాలు దిగిపోతాయి. పైగా చూడి మోసేది పది నెలల పైమాటే. ఈనడానికి ముందు రెండు నెలలైనా పిండకుండా వదిలెయ్యాలి. నువ్వు నాలుగింటినీ కొత్తగా ఈనినవే ఏరి కొన్నావు. బిందె నిండుతోందని సంబరంగానే ఉంటుంది, కానీ అన్నీ ఇంచుమించు ఒకేసారి వట్టిపోతాయి. తర్వాత కొనేవి నాలుగైదు నెలల ఎడంతో ఈనేట్టు చూసుకో.

అందుకని నేను చెప్పేది ఒక్కటే: మే నెలలో ఎన్ని లీటర్లు వస్తాయో అన్నింటికే వాడుకలు పట్టు. చలికాలంలో మిగిలినవి ఊళ్లో పాలకేంద్రానికి పొయ్యి. వెన్నశాతం చూసి కడతారు, గుమ్మంలో పోసినంత ధర రాదు. రాకపోనీ. కొన్ని తోడేసి పెరుగు అమ్ము, ఇంకా మిగిలితే నెయ్యి చేయించు. సంక్రాంతి సంగతే తీసుకో. గేదెలు దండిగా ఇచ్చేదీ అప్పుడే, బెజవాడ ఫ్లాట్లకు తాళాలు పడేదీ అప్పుడే. ఆ వారం పాలు ఎటు పోవాలో పండగకు ముందే తేల్చుకోవాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, వాడుకలు ఎక్కువై పాలు తక్కువైన రోజునే బిందె పక్కన చెంబు కనిపిస్తుంది. ఎవరూ నీళ్లు కలుపుదామని వ్యాపారం మొదలెట్టరు. అరలీటరు తగ్గింది, ఈ ఒక్క పూటకే కదా అనుకుంటారు. పాలు కాచే ఇల్లాలికి మీగడ చూస్తే తెలిసిపోతుంది. నీతో ఏమీ అనదు, ఒకటో తారీకున మానేస్తుంది. తగ్గిన రోజున ముందే ఫోన్ చేసి, ఈ పూట సగమే పోస్తానని చెప్పు. కోప్పడతారేమో గానీ మానెయ్యరు.

ఇళ్లు పట్టడంలో ఇంకో పొరపాటు చేస్తున్నావు. నిడమానూరులో రెండు, ఎనికెపాడులో మూడు, రామవరప్పాడు రింగు దాటి ఒకటి! పెట్రోలు సంగతి అలా ఉంచు, ఆఖరి ఇంటికి చేరేసరికి పిల్లల బడి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్లు దొరికేదాకా పక్క వీధి జోలికి పోకు. లిఫ్టులో ఇద్దరు ఆడవాళ్లు నీ పాల గురించి మాట్లాడుకుంటే పదకొండో ఇల్లు దానంతటదే వస్తుంది.

ఇక డబ్బు. ఒకటో తారీకున ముందుగానే తీసుకో, అందులో మొహమాటం వద్దు. నెలాఖరున తిరిగి వసూలు చేసే పద్ధతిలో సగం ప్రాణం మెట్ల మీదే పోతుంది. యూపీఐ ఆటోపే 2020 నుంచీ ఉంది. ఒకసారి ఒప్పుకుంటే 15,000 రూపాయల లోపు మొత్తానికి ప్రతి నెలా పిన్ అడగదు, ఒకరోజు ముందు మెసేజ్ మాత్రం వస్తుంది. ఇళ్లు పెరిగాక అది పెట్టించుకో, ఇప్పటికి క్యూఆర్ కాగితం చాలు. కానీ ఒకటి గుర్తుంచుకో. ముందుగా వచ్చిన డబ్బు నీది కాదు, ఇంకా పొయ్యని పాలది. దాన్ని వేరే ఖాతాలో ఉంచి, వారం వారం పోసినంత మేరకే తీసి వాడు. ఆ డబ్బుతోనే తవుడు, చెక్క ఒకేసారి కొనేస్తే, పదో తారీకున ఎవరైనా మానేస్తామంటే తిరిగివ్వడానికి ఏముంటుంది? ఏడాది చందా ఒకేసారి కడతామన్నా పుచ్చుకోకు. గేదె ఆరోగ్యానికి ఏడాది పూచీ ఎవరిస్తారు?

ఊరికెళ్తున్నాం, నాలుగు రోజులు వద్దు అంటే సణగకుండా ఆపెయ్, ఆ నాలుగు రోజుల డబ్బు వచ్చే నెలలో తగ్గించు. ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు చెప్పాలని మాత్రం షరతు పెట్టు. ఆపుకోవడం తేలికగా ఉంటేనే మళ్లీ మొదలుపెట్టడం తేలిక.

యాప్‌ల వాళ్లు మొదటి నెల తగ్గింపులిస్తారు. వాళ్లతో ధరలో పోటీ పడకు, నీ వల్ల కాదు. వాళ్లు ఇవ్వలేనిది నీ దగ్గరుంది. గేదె ఈనిన మొదటి రోజుల పాలు ఎలాగూ మామూలు పాలల్లో కలపకూడదు, దూడ తాగగా మిగిలిన జున్నుపాలు పాత వాడుకలకు వంతులవారీగా పంపు. బెజవాడలో అసలైన జున్నుపాలకు మొహం వాచి ఉన్నారు. ధర పెంచాల్సి వస్తే ఏడాదికి ఒక్కసారే, నెల ముందు చెప్పి పెంచు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఇంకా చేయించలేదట, ఈ వారంలో ఆ పని పూర్తి చెయ్.

ఐదో గేదెకు బేరం కుదిరిందని మీ అమ్మ చెప్పింది. బయానా ఇంకా ఇవ్వకు. ముందు మే నెల లెక్క వేసి పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.