పరాయి ఇంటి పెత్తనం – లైసెన్సు లేని అమానత్

అప్పగింతలను వాటి హక్కుదారులకు చేర్చాలని అల్లాహ్ నిసా సూరా 58వ ఆయతులో ఆదేశించాడు. దాచమని ఇచ్చిన డబ్బు, నగలు మాత్రమే అమానత్ అని చాలామంది అనుకుంటారు. కిరాయికివ్వమని అప్పగించిన ఇల్లు కూడా అమానతే.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల నుండి ఎందరో సోదరులు ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. చెమటోడ్చి సంపాదించి ఇక్కడ ఒక ఇల్లో, రెండు మల్గీలో కట్టుకుంటారు. కిరాయి వసూలు, మరమ్మతులు, ఇంటిపన్ను వంటి పనులను తమ్ముడికో, బావమరిదికో, తెలిసిన మధ్యవర్తికో అప్పగిస్తారు. ఇక్కడే ఒక ప్రశ్న తలెత్తుతుంది: ఈ పనికి సర్కారు లైసెన్సు అడగనప్పుడు, చేసేవాడు ఎవరికి జవాబుదారీ?

అమెరికాలోని కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ప్రతిఫలం తీసుకొని ఇతరుల ఇళ్ళ కిరాయి వ్యవహారాలు నడపాలంటే సాధారణంగా లైసెన్సు ఉండాలి. యజమాని సొమ్మును తన సొమ్ముతో కలపరాదు. మన దేశంలో 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ విధించింది గానీ, అది ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్ల అమ్మకాలకు సంబంధించినది. కిరాయి ఇంటి బాగోగులు చూసేవారికి అది వర్తించదు. అయినా 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, యజమాని అడిగినప్పుడు ఏజెంటు సరైన లెక్క చూపాలి. యజమానికి తెలియకుండా ఆ వ్యవహారంలో తన కోసం లాభం చేసుకుంటే, దాన్ని అడిగే హక్కు యజమానికి ఉంది.

షరీఅత్ దృష్టిలో ఇలాంటి వ్యక్తి 'వకీల్'. దైవప్రవక్త (స) హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి)కి ఒక దీనారు ఇచ్చి మేకను కొనమన్నారు. ఆయన దానితో రెండు మేకలు కొని, ఒకదాన్ని దీనారుకు అమ్మి, మేకను, దీనారును కూడా తెచ్చి ఇచ్చారు. ప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు. తెలివి ఉర్వా (రజి)దే అయినా లాభం మాత్రం యజమానికి చేరింది. మరి ఆరు వేల కిరాయికి ఇచ్చి, ఐదు వేలేనని చెప్పేవాడి సంగతేమిటి? ఆ వెయ్యి రూపాయలు అతని కష్టార్జితం కాదు, ఖియానత్.

జకాత్ వసూలుకు వెళ్ళిన ఒక వ్యక్తి కొంత సొమ్ము అప్పగించి, మిగతాది తనకు కానుకగా వచ్చిందన్నాడు. అతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చొని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రవక్త (స) నిలదీశారు. కిరాయిదారు, మేస్త్రీ చాటుగా ఇచ్చే కమీషన్‌ను కూడా ఈ గీటురాయి మీదే పరీక్షించుకోవాలి.

నిజాయితీ ఒక్కటే సరిపోతుందా? సరిపోదు. ఖసస్ సూరా 26వ ఆయతులో పనివాడికి రెండు గుణాలు చెప్పబడ్డాయి: శక్తి, విశ్వసనీయత. కిరాయి ఒప్పందం రిజిస్ట్రేషన్ నియమాలు తెలియనివాడు, ఎంత మంచివాడైనా, యజమానిని చిక్కుల్లో పడేస్తాడు. తెలియని పనిని ఒప్పుకోకపోవడం కూడా అమానత్‌లో భాగమే.

కనుక లైసెన్సు అడగని చోట ఆ నియమాలను మనమే విధించుకోవాలి. ఒప్పందం రాసుకోవాలి, బఖరా సూరా 282వ ఆయతు అప్పు లావాదేవీలను రాసుకోమని నేర్పింది. ప్రతిఫలం ముందే తేల్చుకోవాలి. కిరాయి సొమ్ముకు వేరే ఖాతా ఉండాలి. తన వల్ల ఏ నిర్లక్ష్యమూ లేకుండా నష్టం జరిగితే వకీల్‌పై పూచీ లేదు. అనుమతి లేకుండా తన డబ్బులో కలిపేస్తే మాత్రం పూచీ అతనిదే.

యజమానులకూ ఒక మాట. బంధువన్న పేరుతో ఏళ్ళ తరబడి ఉచితంగా చాకిరీ చేయించుకోవడం న్యాయం కాదు. అతని శ్రమకు, తిరుగుడు ఖర్చులకు తగినంత సంతోషంగా ఇవ్వండి. లెక్క అడగడాన్ని అనుమానంగా, చూపడాన్ని అవమానంగా భావించకండి. రక్తసంబంధాలను తెంచేది లెక్క కాదు, లెక్క లేకపోవడమే.

దుబాయిలో ఉన్న అన్నకు ఇక్కడి కిరాయి ఎంతో తెలియకపోవచ్చు. అల్లాహ్‌కు తెలుసు. అప్పగింతలను కాపాడేవారిలో ఆయన మనల్ని చేర్చుగాక! ఆమీన్.